ఎవరికీ బావ కాని మిషను

ఆ ఏడాది విజయదశమి పొద్దున్న ఆఫీసుకెళ్ళి సర్వరు ఆన్ చేశాను. సర్వరు లేచింది. ఆఫీసు పేజీ వచ్చింది, ఓడల పేజీ వచ్చింది. లారీల సీరియల్ పేజీ ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా ఖాళీ. ఆపి మళ్ళీ లేపాను. మళ్ళీ అదే తెలుపు. సర్వరు పెట్టె మీద ముందురోజు పూజలో పెట్టిన కుంకుమ బొట్లూ, వాడిపోయిన బంతిపూల దండా అలాగే ఉన్నాయి. బయట సముద్రంలో బొగ్గు ఓడ లంగరు వేసుకుని నిలబడి ఉంది. మర్నాడు రేవులోకి, బెర్తుకి వస్తుందని కబురు.

ఆ తెల్లపేజీ ఎందుకంత ప్రాణం మీదికొచ్చిందో చెప్పాలంటే ముందు లారీల సంగతి చెప్పాలి.

మాది ఓడల్లో వచ్చిన బొగ్గు దింపించి, పోర్టు వెనకాల యార్డులో కుప్పలు పోయించి, అక్కణ్ణించి లారీల మీద ఫ్యాక్టరీలకి తోలించే కంపెనీ. నేను అందులో కాటా దగ్గర గుమాస్తాగా చేరాను. ఖాళీ లారీ తూకం, నిండు లారీ తూకం, రెంటికీ తేడా. చదువు పదో తరగతి దాటలేదు గానీ అంకె తప్పు పోతే నాకు అన్నం సయించదు. ఓడ నీళ్ళలో ఎంత లోతు మునిగిందో చూసి లోపల సరుకెంతుందో లెక్కకట్టే పద్ధతిని ఒక పాత పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను. తొంభైల మధ్యలో ఆఫీసుకి కంప్యూటరు వచ్చినప్పుడు దాన్నీ అలాగే, జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద దొరికిన పుస్తకాలతో నేర్చుకున్నాను. పుస్తకంలో లేనిది ఎవరినడగాలో తెలియకపోవడమే సొంతంగా నేర్చుకున్నవాడి దరిద్రం. ఆ దరిద్రం నాకు ఆ దసరాలో పూర్తిగా తెలిసొచ్చింది.

యార్డులో లోడు ఎత్తడానికి లారీలు వరసలో రావాలి. ఆ వరసనే సీరియల్ అనేవారు. వెనకటికి లారీల యూనియన్ గది గోడకి ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద సుద్దముక్కతో లారీ నంబర్లు రాసేవారు. సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే ఆయన మనిషి లారీ పైకి జరిగేది. అన్నం తిని వచ్చేసరికి ఆరో నంబరు తొమ్మిదో నంబరయ్యేది. అడిగితే, "గాలికి సెరిగిపోనాది బావా, మల్లీ రాసినాను" అనేవారు. మా వైపు మగవాళ్ళలో చుట్టరికం ఉన్నా లేకపోయినా ఎవరిని ఎవరైనా బావా అనే పిలుస్తారు. అందుకని ఎవరు ఎవరికి నిజంగా బావో బల్ల చూస్తే గానీ తెలిసేది కాదు.

దీనివల్ల ఎక్కువ నలిగిపోయినవాళ్ళు ఒకే ఒక్క లారీ ఉండి, దాన్ని తామే తోలుకునేవాళ్ళు. పది లారీలున్న ఆసామీ బల్ల దగ్గర మనిషిని పెట్టుకుంటాడు. ఒక్క లారీవాడు తన సీరియల్‌ని తనే కాపలా కాసుకోవాలి. అలా కాసేవాళ్ళలో ఆనందపురం మనిషి ఒకడుండేవాడు. నాకు ఏమీ కాడు, అయినా నేను అతనికి బావనే, అతను నాకు బావే. ఇంటి వెనకాల కాసింత భూమిలో వంగ, బెండ వేసేవాడు. ఓడ వచ్చిందంటే వాటిని పెళ్ళాం మీద వదిలేసి వచ్చి, సీరియల్ వచ్చేదాకా యార్డులో లారీ కింద టార్పాలిన్ పరుచుకుని పడుకునేవాడు. బొగ్గు పొడికి దగ్గేవాడు. "ఇల్లు ఇరవై మైళ్ళు లేదు బావా. అయినా నాను మిలట్రీలో ఉన్నట్టే ఉంది మా ఆడదానికి" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక మా ఆఫీసుకి ఇంటర్నెట్ వచ్చింది. ఆనందపురం జంక్షన్లో, తగరపువలస సంతవీధిలో, అచ్యుతాపురంలో కూడా నెట్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. సీరియల్‌ని కంప్యూటరు లెక్క కట్టి వెబ్ పేజీ మీద పెడితే ఎవడి ఊళ్ళో వాడు చూసుకుని, తన వంతు దగ్గరపడ్డాకే బయల్దేరవచ్చు కదా అని నాకు తోచింది. మేనేజరు ఒప్పుకున్నాడు. యూనియన్ని ఒప్పించడానికే నెలలు పట్టింది. రూల్సు నేనే రాశాను: లోడు ఎత్తిన లారీ వరస చివరికి పోతుంది, పిలిచినప్పుడు లేనిది మూడు చోట్లు వెనక్కి పోతుంది, బ్రేక్‌డౌన్ అయితే దాని చోటు దానికుంటుంది. టైరు పంక్చరు బ్రేక్‌డౌన్ కిందికి వస్తుందా రాదా అన్న దాని మీద మీటింగుల మీద మీటింగులు జరిగాయి, కుర్చీలు కూడా లేచాయి. చివరికి యూనియన్లో అందరికంటే పెద్దాయన చుట్ట ఆర్పి ఒక మాట అన్నాడు.

"మనిసి రాత్తే ఆడి బావ పైకొత్తాడు. మిసను ఎవుడికి బావ? ఎవుడికీ కాదు. మరైతే దాన్నే రాయనీండ్రా."

అంతే, ఒప్పేసుకున్నారు.

హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి నా రూల్సన్నీ ప్రోగ్రాముగా రాసి వెళ్ళాడు. వెబ్ సర్వరంటే అడిగినవాళ్ళకి పేజీలు అందించే ప్రోగ్రాము. అది లేచేటప్పుడు తనకి కావలసిన పనివాళ్ళని ఒక్కొక్కరినే పిలుచుకుని కూర్చోబెట్టుకుంటుంది. ఆ పనివాళ్ళని మాడ్యూళ్ళంటారు. మా సీరియల్ కూడా అలాంటి ఒక మాడ్యూలే. వరస లెక్కకట్టి, దాన్ని తెలుగులో బొమ్మగా గీసి ఇచ్చేది. నెట్ సెంటర్ల కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు ఉండేవి కావు, అందుకని బొమ్మ. ఆ బొమ్మ వచ్చిన తర్వాత ఆనందపురం బావ పొద్దున్నే నెట్ సెంటరుకి పోయి, తన నంబరు చూసుకుని, మళ్ళీ వెళ్ళి వంగతోటకి నీళ్ళు పెట్టుకునేవాడు. నల్లబల్లని తిరగేసి యూనియన్ గదిలో క్యారమ్‌బోర్డు కింద ఎత్తుగా పెట్టారు. అది చూసినప్పుడల్లా నాకు చెప్పలేనంత తృప్తిగా ఉండేది.

ఇప్పుడు ఆ దసరా సంగతికి వస్తాను.

నవమి నాడు మా దగ్గర ఆయుధపూజ. లారీలన్నీ కడిగి, అరటి మొక్కలు కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు. కాటాకీ పూజ, బొగ్గు తవ్విపోసే పొక్లెయినుకీ పూజ. ఆఫీసు గదిలో పూజ బాధ్యత పెద్ద గుమాస్తాది. ఆయనది గోదావరి జిల్లా. వాళ్ళ నాన్న హార్బరులో పనికొచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. శుభ్రం విషయంలో ఆయన అంత పట్టుదల మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. బొగ్గు యార్డు పక్క ఆఫీసులో తెల్లచొక్కా వేసుకుని సాయంత్రానికీ తెల్లగానే ఇంటికి వెళ్ళేవాడు. నన్ను మాష్టారూ అనేవాడు. కొంచెం గౌరవం, ఎక్కువ ఎగతాళి.

"సర్వరు ఆపాలండి మాష్టారూ."

"ఆపక్కర్లేదండీ. బొట్టు పెట్టండి, దండ వెయ్యండి. నడుస్తూనే ఉంటుంది" అన్నాను.

"నడుస్తున్నదానికి పూజేంటండీ బాబూ? ఎద్దుకి దండ వెయ్యాలంటే ముందు కాడి దించుతారా, దించరా? ఏడాదికోపూట విశ్రాంతి ఇవ్వకపోతే మనకే పాపం."

కిందటేడూ ఇలాగే ఆపాం, మర్నాడు చక్కగా లేచింది. అందుకని ఎక్కువ వాదించలేదు. పద్ధతి ప్రకారం ఆపాను. ఆయన కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క నీటిచుక్క పెట్టె మీద పడకుండా నేను అడ్డంగా నిలబడ్డాను. దశమి నాటికి పరిస్థితి మొదట చెప్పిందే.

సర్వరు తను చేసే ప్రతి పనినీ లాగ్ ఫైల్లో ఒక వరుస రాసుకుంటుంది. అది తెరిచి చూశాను. మా మాడ్యూలు వచ్చింది అని ఒక వరుస. కొంచెం కిందికి, మాడ్యూలు వెళ్ళిపోయింది అని ఒక వరుస. ఎందుకు వెళ్ళిందో లేదు. అలిగి వెళ్ళిన అల్లుడు కూడా గుమ్మం దగ్గర ఏదో ఒక మాట అనేసి పోతాడు. ఇది అదీ అనలేదు.

ఇంకా పైకి జరిపి చూస్తే నాకు మతిపోయింది. మాదొక్కటే కాదు, అన్ని మాడ్యూళ్ళూ వెళ్ళిపోయినట్టే రాసి ఉంది. అయితే సర్వరే పాడైందనుకున్నాను. దశమంతా ఆ దారిలోనే పోయింది. సెట్టింగులు ఒక్కొక్కటే మార్చి ఆపడం, లేపడం, చూడడం. పుస్తకాలన్నీ నేల మీద పరిచాను. మధ్యాహ్నం దాటాక, ఒక లావుపాటి పుస్తకంలో ఏ మూలో చిన్న అక్షరాలతో దొరికింది: ఈ సర్వరు లేచేటప్పుడు అందరు పనివాళ్ళనీ ఒకసారి పిలిచి, హాజరు చూసుకుని, అందర్నీ పంపించేసి, మళ్ళీ పిలుస్తుంది. అది దాని అలవాటు. నాటకం వేసే ముందు ఒకసారి రిహార్సలు వేసుకున్నట్టు. అంటే పొద్దుట్నుంచీ నేను రోగం అనుకుని వైద్యం చేస్తున్నది దాని ఆరోగ్యానికి. పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, అట్ట ఊడితే మళ్ళీ దొరకదు.

ఈలోగా గదిలో ఎవరి వైద్యం వాళ్ళు చెప్తున్నారు. కుంకుమ ఫ్యాన్లోకి పోయిందని కాటా దగ్గర వాళ్ళు తేల్చేశారు.

"ఎర్రగా ఉంటాది కదా సార్, లోపల వైర్లు ఎర్రవీ నల్లవీ కలిసిపోయుంటాయి" అన్నాడు ఒకడు నవ్వు ఆపుకుంటూ.

పెట్టె విప్పి ఊదాను. కుంకుమ లేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టిందేమోనని కార్డులు తీసి తుడిచి పెట్టాను. తుప్పు లేదు. మేనేజరు హైదరాబాదు ఇంజనీరుకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి సార్" అన్నాడతను. పండగ ఇంట్లో ఉన్నట్టుంది, వెనకాల పిల్లల గోల.

"చేశాను బాబూ. అదే వరస."

"ఏమైనా మార్చారా?"

"లేదు."

"ఎవరైనా ముట్టుకున్నారేమో కనుక్కోండి సార్. ఊరికే అలా అవ్వదు."

అందర్నీ ఒక్కొక్కళ్ళనే అడిగాను. కాటావాళ్ళని, మేనేజర్ని, ఆఖరికి టీ తెచ్చే ఆవిడని కూడా. సర్వరుని ఎవరైనా ముట్టుకున్నారా? ఎవరైనా ఏమైనా మార్చారా? పెద్ద గుమాస్తా దేవుడి పటం వైపు చెయ్యి చూపించి, "మీ పెట్టె జోలికి మేమెవరం పోతామండీ మాష్టారూ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న ఓడ బెర్తుకి వచ్చేసింది. మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మధ్యాహ్నం నుంచి లోడింగు. సీరియల్ ఏదీ?"

అప్పుడు నాకు తేలికగా తోచిన పని ఒకటే. మాడ్యూలు కట్టే లెక్క నా లెక్కే కదా. ఏ లారీ ఎప్పుడు లోడెత్తింది, ఏది పిలిస్తే రాలేదు, ఏది బ్రేక్‌డౌన్, వివరాలన్నీ సర్వర్లోనే భద్రంగా ఉన్నాయి. కూర్చుని చేత్తో కట్టాను. మొదట్నుంచి చివరికి ఒకసారి, చివర్నుంచి మొదటికి ఒకసారి. రెండూ కలిశాయి. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి యూనియన్ గది తలుపుకి అంటించాను. ఆనందపురం లారీ ముందు వరసలోనే ఉంది. జంక్షన్లో నెట్ సెంటరుకి ఫోన్ చేసి, అతన్ని వెంటనే బయల్దేరమనమని అక్కడి ఆవిడతో చెప్పాను. ఆవిడ, "రెండ్రోజుల్నుంచీ వచ్చి తెల్లపేజీ చూసి పోతన్నాడండి. ఓడ రానట్టుందనుకుంటన్నాడు" అంది.

తిరిగొచ్చేసరికి కాగితం చుట్టూ జనం.

"ఇది ఎవుడు రాసినాడు?"

"నేనే" అన్నాను.

"అంటే మిసను సెప్పలేదా?"

"మిషను కట్టే లెక్కే ఇది. దానికి ఆ లెక్క నేర్పింది నేనే."

"నీకు నేర్పింది ఎవుడు బావా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

చుట్ట పెద్దాయన నవ్వలేదు. కాగితాన్ని చాలాసేపు చూశాడు. "నీ మీద అనుమానం కాదు. నువ్వు మంచోడివే. గానీ ఇవాల నీ కాయితం ఒప్పుకుంటే, రేపు ఇంకోడు కాయితం తెత్తాడు. ఆడూ మంచోడే అంటాడు. మిసను సెప్తే ఒప్పుకుంటాం అన్నాం. నువ్వు సెప్తే ఒప్పుకుంటాం అన్లేదు."

"అంకెలు చూడండి. ఎక్కడైనా తప్పుంటే చూపించండి."

"తప్పు లేదు. ఆనందపురపోడు నాలుగోవోడు. నిన్ను బావ అంటాడా, అనడా?"

"మీరందరూ అంటారు!" అని అరిచాను. నేను అరవడం వాళ్ళెప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు.

అరిచి లాభం లేకపోయింది. ఇద్దరు లోపలికి పోయి క్యారమ్‌బోర్డు కిందనుంచి నల్లబల్లని లాగి, తుడిచి, మేకుకి తగిలించారు. ఎవరెవరు యార్డులో ఉన్నారో చూసి, ఉన్నవాళ్ళ లారీల నంబర్లు రాసుకుంటూ పోయారు. లేనివాళ్ళ నంబర్లు అడుక్కి. ఆనందపురం లారీ అప్పటికి ఇంకా దారిలో మధురవాడ కూడా దాటి ఉండదు.

అతను వచ్చేసరికి బల్ల నిండిపోయింది. కాగితం చూశాడు, బల్ల చూశాడు, నన్ను చూశాడు. ఇంటి దగ్గర్నుంచి సీసాలో తెచ్చుకున్న మజ్జిగ తాగాడు.

"ఈ కాయితంలో నాలుగు. ఆ బల్లమీన ముప్పైఏడు. నాను ఏది సూసుకోవాలి బావా?"

"మిషన్ని లేపుతాను. లేపితే నీది నాలుగే."

"ఎప్పుడికి?"

ఆఫీసుకి వచ్చి మళ్ళీ ఆ లాగ్ ముందు కూర్చున్నాను.

ఈసారి చదవడం మానేసి లెక్కపెట్టాను. ఆ పని మొదటే చేసి ఉండాల్సింది. పక్క మాడ్యూలు ఎన్నిసార్లు వచ్చింది? రెండు. ఎన్నిసార్లు వెళ్ళింది? ఒకసారి. అంటే రిహార్సలుకి వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చి ఉండిపోయింది. ఇంకో మాడ్యూలు అంతే. అన్నీ అంతే. మాది రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు వెళ్ళింది. తేడా ఒకటి. ఆ రెండో వెళ్ళడం సర్వరు పంపించింది కాదు, అది తనంతట తను పోయింది. అంటే లోపలికి వచ్చి, ఏదో చూసుకుని, అది దొరక్క వెళ్ళిపోతోంది. ఏం చూసుకుంటోంది?

హైదరాబాదుకి ఫోన్ చేస్తే ఇంజనీరు దొరకలేదు. ఊరెళ్ళాడన్నారు.

ఏమీ తోచక గుడ్డ తీసి పెట్టె మీద కుంకుమ తుడుస్తున్నాను. అంతకంటే చెయ్యడానికి పని లేదు. పెద్ద గుమాస్తా చూసి కుర్చీలోంచి లేచి వచ్చేశాడు.

"అదేంటండీ మాష్టారూ! నవమి బొట్టు దానంతటది పోవాలి గానీ మనం తుడవకూడదండి. మీకు భక్తి లేకపోతే లేదు, నా కష్టమైనా చూడండి. నేనేమన్నా పైపైన గుడ్డ పెట్టి ఊరుకున్నానా? అష్టమి నాడే లోపలా బయటా మొత్తం కడిగినట్టు చేశాను."

"లోపలంటే?"

"లోపలంటే లోపలేనండీ. ఇల్లు ఊడిస్తే సరా, బీరువా సర్దొద్దా? వేసవిలో కంప్యూటరు కోర్సు చేశాను కదండీ, అక్కడి మాష్టారు చెప్పారు. టెంప్ అని పేరున్న ఫోల్డర్లో ఉన్నదంతా చెత్తేనంట, ఎప్పటికప్పుడు తీసెయ్యాలంట. నా దాంట్లో తీశాను, మేనేజరు గారి దాంట్లో తీశాను. నా బల్ల దగ్గర్నుంచే సర్వరు కూడా కనపడుతుంది కదా, దాంట్లోనూ అంత చెత్త ఉంది. పూజకి చెత్తతో కూచోబెడతామా ఏంటండీ?"

గుడ్డ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాను.

"నేనడిగాను కదండీ. ఎవరైనా ముట్టుకున్నారా అని. ఏమైనా మార్చారా అని."

"నేను ముట్టుకోలేదండీ, మార్చలేదండీ" అన్నాడు ఆయన నిజంగా నొచ్చుకుని. "శుభ్రం చేశాను."

ఆయన మీద కోప్పడదామంటే పట్టు దొరకలేదు. ఆఫీసులో ప్రతివాడూ తన వస్తువు కడుక్కున్నాడు. డ్రైవరు లారీ కడిగాడు, కాటావాడు కాటా కడిగాడు. కాగితాల మనిషి ఆయన, ఏం కడగాలి? నేను రెండురోజులుగా తప్పెవరు చేశారని అడుగుతూ ఉన్నాను. ఆయన చేసింది పుణ్యం. ఆ ప్రశ్నకి ఆ జవాబు రాదు.

ఆ సాయంత్రానికి ఇంజనీరు ఫోన్లోకి వచ్చాడు. టెంప్ అనగానే, "అయ్యో, తెలుగు ఫాంటు అందులోనే పెట్టాను సార్. అప్పుడు తొందరలో పెట్టి, తర్వాత మారుద్దామనుకున్నా" అన్నాడు. మాడ్యూలు లేచేటప్పుడు ఒకే ఒక్కసారి ఆ అక్షరాల ఫైలు తెరిచి చదువుకుంటుందట. చదువుకున్నాక ఫైలుతో పని లేదు. అందుకే అష్టమి నాడు ఫైలు పోయినా, మర్నాడు ఆపేదాకా పేజీ నిక్షేపంగా నడిచింది. ఆపి లేపితే, అక్షరాలు లేకపోతే గీయలేను కదా అని మర్యాదగా లేచి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్తోందో లాగ్‌లో ఒక్క మాట రాయించి ఉంటే నాకు ఈ రెండురోజులూ ఉండేవి కావు. ఆ మాట అతనితో అన్నాను. "అవును సార్, రాయొచ్చు" అన్నాడు, రాయడం ఇప్పుడే కనిపెట్టినట్టు.

ఫాంటు మెయిల్లో మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. మా లైను అంత బరువు మొయ్యడానికి మూడుసార్లు మధ్యలో తెగింది. ఫైలుని వేరే ఫోల్డర్లో పెట్టాను. టెంప్ అని కాదు, పెద్ద గుమాస్తా జన్మలో ముట్టుకోడని దేవుడి పేరు పెట్టాను. సర్వరు లేపాను. వచ్చింది, వెళ్ళింది, వచ్చింది, ఉండిపోయింది. తెల్లపేజీ మీద నల్లటి తెలుగు అక్షరాలు వరసగా నిలబడ్డాయి. నా కాగితం పక్కన పెట్టుకుని చూశాను. ఒక్క నంబరు తేడా లేదు. ఆనందపురం లారీ నాలుగు.

ప్రింటు తీసుకుని యార్డుకి పరిగెత్తాను. ఈ వయసులో పరుగేంటని కాటావాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. చుట్ట పెద్దాయన ప్రింటు తీసుకుని, తలుపు మీద ఇంకా వేలాడుతున్న నా కాగితంతో పోల్చి చూశాడు.

"రెండూ ఒకటే" అన్నాడు.

"ఒకటే అని ముందే చెప్పాను."

"సెప్పినావు. గానీ బల్ల ప్రకారం సగంమంది ఎత్తీసి ఎలిపోనారు. ఇప్పుడు ఇది తగిలిత్తే, ఎత్తినోడు ఎత్తలేదనాలా? మిగిలినోళ్ళు కొట్టుకు సచ్చిపోతారు. ఈ ఓడకి బల్లే కానీ. పై ఓడకి మిసను."

ఆయన చెప్పిన దాంట్లో కూడా తప్పు చూపించలేకపోయాను.

పై ఓడ వచ్చింది. పేజీ సరిగ్గా నడిచింది. కానీ బల్లని ఎవరూ దింపలేదు. మిషన్లో వచ్చిన వరసనే బల్ల మీద రాసుకుంటామన్నారు, మళ్ళీ అది పోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని. రాసుకున్నారు. కొన్నాళ్ళకి మధ్యాహ్నం పూట ఆరో నంబరు తొమ్మిదో నంబరయింది. అడిగితే గాలి అన్నారు. తెర మీద ఆరు, బల్ల మీద తొమ్మిది. లారీల్లోకి బొగ్గు ఎత్తే లోడరు బల్లనే చూసేవాడు, ఎందుకంటే బల్ల అతని ఎదురుగా ఉంది.

ఒకరోజు ఎండవేళ తూకం లెక్కల కోసం యార్డుకి వెళ్తే, ఆనందపురం బావ లారీ కింద టార్పాలిన్ మీద పడుకుని ఉన్నాడు. తలకింద బెండకాయల సంచీ. అమ్ముకోవడానికి తెచ్చినట్టున్నాడు, వాడిపోతున్నాయి.

"ఇక్కడెందుకు పడున్నావు?" అన్నాను. "పేజీ చూసుకోలేదా? నీ నంబరింకా దూరముంది. ఇంటికెళ్ళు."

"సూసుకునే వచ్చినాను."

"మరి?"

"సరిగ్గానే సూపిత్తంది బావా. నాను కాదన్నానేటి?" దగ్గాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అతని చూపు నా పక్కనుంచి బల్ల మీదికి పోయి, తన నంబరు దగ్గర ఒక క్షణం ఆగి, తిరిగొచ్చింది. "గానీ మల్లీ దసరా రాదేటి?"

కాళ్ళు కాస్త ముడుచుకుని, లారీ నీడలో నాకు కూర్చోవడానికి చోటిచ్చాడు.